క్లచ్ కిట్ కొనేముందు మీ ఆర్‌పీఎం చూసుకోండి

ఏటీవీ (కొండ, ఇసుక, బురద దారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) కొన్న మురిపెం కాస్త తగ్గగానే చాలామంది అడిగేది ఒకటే. "బండి పికప్ పెరగాలంటే ఏ క్లచ్ కిట్ వేయాలి?" క్లచ్ కిట్ అంటే క్లచ్‌లో మార్చి వేసుకునే వెయిట్లు, స్ప్రింగుల సెట్. ఈమధ్య అడిగేవాళ్ళలో మనవాళ్ళు కూడా బాగానే ఉన్నారు. టెక్సస్‌లోనో, ఆరిజోనాలోనో, నేనుంటున్న యూటాలోనో సొంత ఇల్లు, దానికో పెద్ద గరాజ్ వచ్చాక వారాంతాల్లో ట్రైలర్ కట్టుకుని కొండలకు, ఇసుక తిన్నెలకు పోయే తెలుగు కుటుంబాలు నాకే చాలా తెలుసు. వాళ్ళకు నేను చెప్పే జవాబు పెద్దగా రుచించదు. ఏ కిట్ అనేది తర్వాత, ఫుల్ థ్రాటిల్‌లో మీ బండి ఏ ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర నిలబడుతోందో ముందు చెప్పండి అంటాను. అది తెలియకుండా కిట్ కొనడమంటే బీపీ చూడకుండా బీపీ మాత్ర వేసుకోవడమే.

ఒక మాట సూటిగా చెప్పేస్తాను. క్లచ్ కిట్ వల్ల ఇంజన్ పవర్ ఒక్క హార్స్ పవర్ కూడా పెరగదు. ఇంజన్ ఎంత ఇవ్వగలదో అంతే ఇస్తుంది. కానీ ప్రతి ఇంజన్‌కీ తన పూర్తి పవర్ ఇచ్చే ఆర్‌పీఎం ఒకటి ఉంటుంది, థ్రాటిల్ పూర్తిగా నొక్కినప్పుడు ఇంజన్‌ను ఆ ఆర్‌పీఎం దగ్గరే పట్టి ఉంచి స్పీడ్ పెంచే పని క్లచ్‌ది. అక్కడ పట్టి ఉంచలేకపోతే పవర్ ఇంజన్‌లోనే మిగిలిపోతుంది, చక్రం దాకా రాదు. క్లచ్ ట్యూనింగ్ అంటే ఇంతే, దీనికి మించి ఏం చెప్పినా అది అమ్మేవాడి మాట.

ఇది అర్థం కావడానికి మనకు ఏటీవీ కూడా అక్కర్లేదు, యాక్టివా చాలు. ఎనభైల్లో కైనెటిక్ హోండా తోలినవాళ్ళకూ, ఇప్పుడు ఇంటింటికీ ఉన్న స్కూటర్లు తోలేవాళ్ళకూ తెలిసిన వ్యవస్థే ఇది. రెండు పుల్లీలు, మధ్యలో ఒక బెల్ట్. మెకానిక్ దగ్గరకెళ్తే "సార్, రోలర్లు అరిగాయి, బెల్ట్ మార్చాలి" అంటాడు చూడండి, అదే. ఏటీవీలో ఇంజన్ క్రాంక్ మీద ఉండేది ప్రైమరీ, గేర్‌బాక్స్ వైపు ఉండేది సెకండరీ. పొలారిస్ కంపెనీ 1985లో ఏటీవీల్లోకి దిగినప్పుడే ట్రైల్‌బాస్‌ను ఈ ఆటోమేటిక్ క్లచ్‌తో తెచ్చింది, ఆ తర్వాత పెద్ద యుటిలిటీ ఏటీవీల్లో ఎక్కువ భాగం ఇదే దారి పట్టాయి.

ప్రైమరీలో రోలర్ల బదులు చాలా బండ్లలో కీలు మీద ఊగే వెయిట్లు ఉంటాయి. ఇంజన్ తిరిగేకొద్దీ అవి బయటికి విచ్చుకుని పుల్లీ ప్లేట్‌ను నెట్టి బెల్ట్‌ను పైకి ఎక్కిస్తాయి, అంటే పై గేర్‌లోకి పోతున్నట్టు లెక్క. వాటిని అడ్డుకునేది ప్రైమరీ స్ప్రింగ్. ఆ వెయిట్లు నెట్టే బలం ఆర్‌పీఎంతో సమానంగా కాదు, దాని వర్గంతో పెరుగుతుంది, 5,000 నుంచి 6,000కి వెళ్తే ఆర్‌పీఎం పెరిగింది 20 శాతమే అయినా బలం పెరిగేది 44 శాతం. అందుకే వెయిట్‌లో కొద్ది గ్రాముల తేడా కూడా ఆర్‌పీఎంలో తెలిసిపోతుంది. బరువు తగ్గిస్తే ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎంలో తిరుగుతుంది, పెంచితే తక్కువలో.

సెకండరీ సంగతి కిట్ కొనేవాళ్ళలో చాలామందికి పట్టదు, నా దృష్టిలో కొండదారుల్లో తిరిగేవాళ్ళకి అసలు విషయం అక్కడే ఉంది. సెకండరీలో ఒక స్ప్రింగ్, హీలిక్స్ అని ఏటవాలుగా కోసిన ఒక ముక్క ఉంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు చక్రాల మీద బరువు పడితే ఆ హీలిక్స్ వాలు మీద ప్లేట్లు దగ్గరకు నెట్టుకుని బెల్ట్‌ను గట్టిగా బిగించి, మళ్ళీ కింది గేర్‌లోకి లాగుతాయి. దీన్నే బ్యాక్‌షిఫ్ట్ అంటారు. వంపు తిరిగి థ్రాటిల్ వదిలి మళ్ళీ నొక్కినప్పుడు బండి వెంటనే అందుకుందా, లేక ఒక క్షణం నీరసపడి తర్వాత లేచిందా అన్నది ఈ సెకండరీ చేతిలో ఉంటుంది. గట్టి స్ప్రింగ్ వేస్తే బ్యాక్‌షిఫ్ట్ చురుగ్గా ఉంటుంది, హీలిక్స్ కోణం తగ్గినా అంతే. కోణం ఎక్కువైతే పై గేర్లలోకి త్వరగా పోతుంది, ఆర్‌పీఎం దిగుతుంది. మరి గట్టి స్ప్రింగే వేసుకుంటే పోలా అంటే, అవసరానికి మించి బిగిస్తే బెల్ట్ అనవసరంగా నలిగి వేడెక్కుతుంది, పై స్పీడ్ కూడా కొంత పోవచ్చు. ఇక్కడ ఊరికే వచ్చేది ఏదీ లేదు.

ఇక ఆర్‌పీఎం చూడటం. మీ బండి మీటర్‌లో ఆర్‌పీఎం చూపే టాకో ఉంటే వేరే ఖర్చు లేదు. లేకపోతే చిన్న టాకోమీటర్ పెట్టుకోండి. వెడల్పైన, ఖాళీగా ఉన్న, కొంచెం ఎత్తున్న దారి చూసుకుని, బెల్ట్ బాగా వేడెక్కాక, గేరు లివర్ హై రేంజ్‌లో పెట్టి థ్రాటిల్ పూర్తిగా నొక్కి పట్టండి. స్పీడ్ పెరుగుతూ ఉండగా ముల్లు ఒకచోట నిలబడాలి. మీ ఇంజన్ గరిష్ఠ పవర్ ఏ ఆర్‌పీఎం దగ్గరో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ముల్లు అక్కడికి ఓ వంద అటూఇటూ నిలబడితే మీ వెయిట్లు సరిగ్గా ఉన్నట్టే, ఏ కిట్ వేసినా పై కొసలో కొత్తగా వచ్చేదేమీ లేదు. ఐదారు వందలు కింద ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం. పైన ఉండి, ఇంజన్ హద్దు మీరి తిరగకుండా ఆపే లిమిటర్ కొడుతుంటే అదీ సమస్యే.

కింద ఉంది అనగానే వెయిట్లు ఆర్డర్ పెట్టకండి. ముందు కవర్ విప్పండి. ఏళ్ళ తరబడి విప్పని క్లచ్ కవర్ తీస్తే లోపల నల్లటి రబ్బరు పొడి పేరుకుని ఉంటుంది, పుల్లీ ప్లేట్ల మీద బెల్ట్ రాసుకున్న చోట జిడ్డు మెరుపు కనిపిస్తుంది. వెయిట్లు ఆనే రోలర్ మీద వేలు తిప్పి చూడండి, ఒకవైపు చదునుగా అరిగి ఉంటే వేలికి తెలుస్తుంది. బుష్‌లలో ఆట ఎంతుందో, ప్లాస్టిక్ బటన్లు ఎంత అరిగాయో చూడాలి. బెల్ట్ వెడల్పు కొలిచి మాన్యువల్‌లోని కొలతతో పోల్చాలి. అరిగి సన్నబడిన బెల్ట్ ప్రైమరీలో కొంత లోపలికి, సెకండరీలో కొంత లోతుకు కూర్చుంటుంది, దాంతో బయల్దేరే గేరే మారిపోతుంది. ప్లేట్లను నారింజ తొక్కలాంటి గరుకు లేకుండా మెత్తటి స్క్రబ్ ప్యాడ్‌తో రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త బెల్ట్ వేసి, ఆ బెల్ట్‌ను మొదటి యాభై మైళ్ళు బతిమాలినట్టు నడిపి, అప్పుడు మళ్ళీ ఆర్‌పీఎం చూడండి. "బండి లాగట్లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలా భాగం ఇక్కడే తీరిపోవడం నేను చూశాను.

ఇంకో పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేనిది. మామూలు మార్కర్ పెన్నుతో ప్రైమరీ ప్లేట్ మీద మధ్య నుంచి అంచు దాకా రెండు మూడు గీతలు గీసి కవర్ బిగించి, స్పీడ్ అందేదాకా ఒకసారి నడిపి రండి. విప్పి చూస్తే బెల్ట్ ఎంత పైకి ఎక్కిందో అంతవరకు గీత చెరిగిపోయి ఉంటుంది. అంచు దాకా చెరిగితే క్లచ్ పూర్తిగా విచ్చుకుంటోంది. అంగుళం గీత అలాగే మిగిలిపోయిందంటే టాప్ స్పీడ్ రాకపోవడానికి కారణం ఇంజన్ కాదు, బెల్ట్ పైదాకా ఎక్కకపోవడం. ఆ మిగిలిన గీతను చూశాక ఎవరి సలహా అడగాలన్నా కనీసం ప్రశ్న సరిగ్గా అడగగలరు.

ఇక అసలు కొలతల మాట. హ్యూస్టన్‌లో ఉండే నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ తన బండిని ట్రైలర్‌లో వేసుకుని ఇక్కడికి వచ్చాడు, పైయూట్ ట్రైల్ తిరుగుదామని. మధ్య యూటాలో మేరీస్‌వేల్, రిచ్‌ఫీల్డ్ ఊళ్ళను కలుపుతూ పోయే పెద్ద ఏటీవీ దారి అది, కింద ఆరు వేల అడుగుల దగ్గర మొదలుపెట్టి టుషార్ కొండల్లో పది వేలు దాటి ఎక్కుతాం. వాడి బండికి కంపెనీ ఇచ్చిన 26 అంగుళాల టైర్లు తీసేసి 30 అంగుళాల బురద టైర్లు వేయించాడు, హ్యూస్టన్ చుట్టుపక్కల బురదలో వాటితో దర్జాగా తిరిగేవాడు. ఇక్కడ సగం కొండ ఎక్కేసరికి ఆగి, హెల్మెట్ తీసి, "మామా, ఇంజన్ పోయినట్టుందిరా" అన్నాడు. టాకో చూస్తే ఫుల్ థ్రాటిల్‌లో ఆరు వేలు కూడా దాటట్లేదు, వాడి ఇంజన్ పవర్ ఇచ్చేది అంతకు చాలా పైన. ఫోన్‌లో అప్పటికే ఒక కిట్ పేజీ తెరిచి ఉంది, బ్రాండ్ పేరు చూపించి "ఇది వేస్తే సరిపోతుందా?" అని అడిగాడు.

ఇంజన్ ఏమీ పోలేదు. టర్బో లేని ఇంజన్‌కి వెయ్యి అడుగులు ఎక్కినప్పుడల్లా సుమారు 3 శాతం పవర్ తగ్గుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది కదా అంటారు, అది గాలికి తగ్గట్టు పెట్రోలు తగ్గిస్తుందే గానీ లేని ఆక్సిజన్‌ను తేలేదు. సముద్ర మట్టంలో ఉండే హ్యూస్టన్ నుంచి పది వేల అడుగులకు వస్తే దాదాపు 30 శాతం అక్కడే పోయింది. టైరు 26 నుంచి 30 అయితే గేరు దాదాపు 15 శాతం ఎత్తు పెరిగినట్టు. ఈ రెండూ కలిపి లెక్కేస్తే, కొత్తలో ఇంటి దగ్గర అదే గేర్‌లో నేల మీద నూరు ఉన్న తోపు (బండిని నెట్టే బలం) ఇక్కడ అరవైకి వచ్చింది. అరవై తోపుతో నూరు తోపుకి కట్టిన వెయిట్లను మోస్తుంటే అవి ఇంజన్‌ను తొందరగా పై గేర్‌లోకి తోసేస్తాయి, ఆర్‌పీఎం పడిపోతుంది, బండి ఈడుస్తుంది. పొలారిస్ లాంటి కంపెనీల మాన్యువల్స్‌లో ఎత్తును బట్టి ఏ వెయిట్ వాడాలో పట్టికే ఉంటుంది, 1,500 మీటర్ల దాకా ఒకటి, ఆపైన ఒకటి. దాన్ని చదివేవాళ్ళు ఎంతమంది?

నా దగ్గర చిన్న స్క్రూలు వేసి తీసి బరువు సవరించుకునే వెయిట్లు ఉన్నాయి, వాడిదీ నాదీ ఒకే రకం బండి కావడంతో సరిపోయాయి. సాయంత్రం కింద క్యాంప్‌లో కవర్ విప్పి అవి తేలిక చేసి వేశాం. మర్నాడు అదే ఎత్తులో ముల్లు ఆరు వేల ఐదొందల దగ్గర నిలబడింది. బండి మారిపోయిందని వాడి సంబరం. నిజానికి పోయిన 30 శాతం పవర్ తిరిగి రాలేదు, మిగిలినది మాత్రం వృథా కాకుండా చక్రం దాకా వచ్చింది.

కానీ రాళ్ళ మధ్య నెమ్మదిగా ఎక్కాల్సిన చోట వాడి బండి ఇంకా తడబడుతూనే ఉంది, క్లచ్ కిట్లు అమ్మేవాళ్ళు గట్టిగా చెప్పని విషయం ఇదే. క్లచ్‌కి ఒక కింది గేరు, ఒక పై గేరు ఉంటాయి, ఆ రెండు కొసల మధ్య ఎప్పుడు ఎక్కడ ఉండాలో వెయిట్లు, స్ప్రింగులు నిర్ణయిస్తాయే తప్ప కింది కొసను ఇంకా కిందికి దించలేవు. పెద్ద టైరు తెచ్చిన 15 శాతం నష్టం బయల్దేరే చోట అలాగే ఉంటుంది. దాన్ని తీర్చేది గేర్‌బాక్స్‌లో వేసే, గేరును ఇంకా కిందికి దించే గేర్ రిడక్షన్, లేదా చిన్న టైరు, లేదా ఇవేవీ లేకుండా చేత్తో లివర్ మార్చి లో రేంజ్‌లో వేయడం. నెమ్మదిగా పోయేటప్పుడు, బరువు లాగేటప్పుడు లో రేంజ్ వాడమని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది, ఎందుకో చాలామందికి అదొక నామోషీ. హై రేంజ్‌లో రాళ్ళు ఎక్కిస్తూ బెల్ట్ కాల్చుకుని, తర్వాత కిట్ మంచిది కాదని తిట్టుకుంటారు. 28 అంగుళాల దాకా కిట్‌తో నెట్టుకురావచ్చు. 30, ఆపైన అయితే నేను మొదటి డాలరు క్లచ్ మీద పెట్టను, గేరు మీద పెడతాను.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, అందులో నిజం ఉంది. కంపెనీ సెట్టింగ్ అందరికోసం చేసినది, శబ్దం తక్కువగా ఉండాలి, పెట్రోలు తక్కువ తాగాలి, కొత్తవాడు నొక్కినా బండి ఎగిరిపడకూడదు, అందుకే అది ఏ ఒక్కరికీ పూర్తిగా సరిపోదు అంటారు. ఒప్పుకుంటాను. ముఖ్యంగా బ్యాక్‌షిఫ్ట్ విషయంలో కంపెనీ సెట్టింగ్‌లు కొన్ని మరీ మెత్తగా ఉంటాయి, మంచి సెకండరీ స్ప్రింగ్ ఒకటి వేస్తే కొండదారిలో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. డాల్టన్, ఈపీఐ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఈ పనే చేస్తున్నారు, వాళ్ళ కిట్లు టైరు సైజు, ఎత్తు అడిగి ఇచ్చేవి. నేను వద్దంటున్నది కిట్లను కాదు, మన కొలత మనకు తెలియకుండా పక్కవాడికి సరిపోయింది కదా అని తెచ్చుకోవడాన్ని. పక్కవాడు ఇసుకలో తిరుగుతాడు, మీరు పిల్లాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని అడవి దారిలో తిరుగుతారు. యూటాలోని లిటిల్ సహారా ఇసుకలో శాండ్ మౌంటెన్ అని దాదాపు 700 అడుగుల ఎత్తున్న తిన్నె ఉంది, దాన్ని ఒక్క ఊపులో ఎక్కాలనుకునేవాడికి కావాల్సింది ఆర్‌పీఎం మొదటినుంచి చివరిదాకా పైనే ఉండటం. అదే కిట్ మీ అడవి దారిలో గోలగా, బెల్ట్ వేడిగా, కూర్చున్నవాళ్ళకి విసుగ్గా ఉంటుంది.

ఇక్కడే ఒక మోసం జరుగుతుంది, చేసేది మన చెవులు, మన నడుము. గట్టి ప్రైమరీ స్ప్రింగ్ వేస్తే క్లచ్ పట్టుకునే ఆర్‌పీఎం పెరుగుతుంది. స్ప్రింగ్ మీద 120/340 లాంటి అంకెలు చూసే ఉంటారు, మొదటిది పట్టుకునే దగ్గర బలం పౌండ్లలో, రెండోది పూర్తిగా విచ్చుకున్న దగ్గర బలం. మొదటి అంకె పెద్దదైతే ఇంజన్ ముందు బాగా అరిచి, తర్వాత ఒక్క కుదుపుతో బండి కదులుతుంది. ఆ కుదుపుకి "అబ్బా, పికప్ అదిరింది" అంటారు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, రెండు చెట్ల మధ్య దూరానికి ముందూ తర్వాతా టైమ్ చూడండి, కొన్నిసార్లు తేడా ఏమీ ఉండదు. పైగా రాళ్ళ మీద, ట్రైలర్ కట్టినప్పుడు, బురదలోంచి పడవను లాగేటప్పుడు ఆ ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర పట్టుకోవడం వల్ల ప్రతిసారీ బెల్ట్ కాసేపు జారి వేడెక్కుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పికప్ కోసం పోతే బెల్ట్ పోతుంది, మంచి బెల్ట్ వంద డాలర్ల పైమాటే.

క్లచ్ ట్యూనింగ్‌కు ఎంత బలముందో చూడాలంటే, ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా కట్టిన బండ్లతో పోటీపడే బాహా పోటీలు చూడాలి. మన దేశంలో 2007 నుంచి జరుగుతున్న బాహా ఎస్ఏఈ ఇండియాలో మన తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల జట్లూ పాల్గొంటుంటాయి, మధ్యప్రదేశ్‌లో ఇండోర్ పక్కన పీతంపూర్‌లో పోటీ. ఏళ్ళ తరబడి అన్ని జట్లకూ ఒకటే ఇంజన్, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 10 హార్స్ పవర్, దాన్ని ముట్టుకోవడానికి వీలుండేది కాదు, 3,800 ఆర్‌పీఎం దాటకుండా గవర్నర్ కట్టి ఉండేది. అందరికీ ఒకే ఇంజన్ అయినా ఒక బండి కొండ ఎక్కేది, ఇంకోటి సగంలో ఆగేది. బరువు, టైర్లు, డ్రైవర్ ఒక కారణం, ఇంకో పెద్ద కారణం సీవీటీ, అంటే ఈ బెల్ట్ క్లచ్ ట్యూనింగ్. ఆ పిల్లలు రాత్రుళ్ళు కూర్చుని ఒక వెయిట్ మార్చి, రన్ తీసి, ఆర్‌పీఎం రాసుకుని, మళ్ళీ ఇంకోటి మార్చి చూస్తారు. లక్షలు పెట్టి బండి కొన్న మనం ఆ మాత్రం ఓపిక పట్టలేమా?

ఈ చెప్పిందంతా బెల్ట్ ఉన్న బండ్లకే. హోండా రాంచర్, రూబికాన్‌లలో బెల్ట్ లేదు, గేర్లే, కాబట్టి ఈ కిట్లు వాటికి సంబంధించినవి కావు. యమహా గ్రిజ్లీ, కోడియాక్‌లలో బెల్ట్ ఎప్పుడూ బిగుతుగా ఉంటుంది, బయల్దేరేటప్పుడు పట్టుకోవడానికి నూనెలో తిరిగే క్లచ్ వేరే ఉంటుంది, వెయిట్ల బదులు యాక్టివాలో లాగా రోలర్లు, అక్కడ రోలర్ల గ్రాములతోనే ఆట. రాప్టర్, వైఎఫ్‌జెడ్ లాంటి స్పోర్ట్ బండ్లలో మోటార్‌సైకిల్ లాగా ప్లేట్ల క్లచ్, జారుతుంటే గట్టి స్ప్రింగులు, మంచి ప్లేట్లు. పొలారిస్‌లో ఇంజన్ బ్రేకింగ్ ఉన్న మోడల్‌కీ లేనిదానికీ ప్రైమరీ వేరు, ఆర్డర్ పెట్టేటప్పుడు ఇది చూసుకోకపోతే పార్సిల్ వెనక్కి పంపాల్సి వస్తుంది.

మార్పులు చేయాలనే నిర్ణయించుకుంటే నేను పట్టే వరస ఇది. మొదట వెయిట్లు, ఎందుకంటే ఆర్‌పీఎంను నేరుగా కదిపేవి అవే, ధర తక్కువ, తప్పితే వెనక్కి మార్చుకోవడం తేలిక. అది కుదిరాక వంపుల్లో నీరసం అనిపిస్తే సెకండరీ స్ప్రింగ్. హీలిక్స్ ఆ తర్వాత, చాలామందికి అక్కడిదాకా రావాల్సిన పనే పడదు. ప్రైమరీ స్ప్రింగ్ నిజంగా పట్టుకునే ఆర్‌పీఎం మార్చాల్సిన కారణం ఉంటేనే. ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. మొత్తం కిట్‌లో ఇవన్నీ ఒకేసారి వస్తాయి కదా అంటే, మీ టైరు, ఎత్తు, బరువు చెప్పి వాళ్ళతో లెక్క కట్టించుకున్న కిట్ అయితే వేయండి, కానీ పాత ముక్కలు పారేయకండి. ప్రైమరీ విప్పడానికి సరైన పుల్లర్, స్ప్రింగ్‌ను అదిమి పట్టే పనిముట్టు లేకుండా చేయి పెట్టొద్దు, ఆ స్ప్రింగ్ మూతను ఎగరగొడితే వేళ్ళు పోతాయి.

ఏది మార్చినా బెల్ట్ వేడి చూసుకోవాలి. ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్ చవకగా దొరుకుతుంది, ఒక ఎత్తు ఎక్కి ఆగగానే కవర్ మీద, గాలి బయటికి వచ్చే గొట్టం దగ్గర చూసి, మార్పుకి ముందూ తర్వాతా అంకెలు రాసి పెట్టుకోండి. బెల్ట్ దగ్గరే కొలిచే గేజ్ ఉంటే ఇంకా మంచిది, 200 ఫారెన్‌హీట్ దాటుతుంటే కాసేపు ఆగి చల్లారనివ్వాలి. ఆర్‌పీఎం బాగుండి వేడి పెరిగిందంటే ఎక్కడో జారుతోంది, లేదా మరీ బిగిసింది, ఆ సెట్టింగ్ పనికిరాదు.

మా వాడు వెళ్ళేముందు నా వెయిట్లు తీసి వాడి పాతవి మళ్ళీ బిగించి పంపాను. "ఉంచరా, బాగున్నాయి కదా" అన్నాడు. హ్యూస్టన్‌లో గాలి చిక్కగా ఉంటుంది, పోయిన 30 శాతం అక్కడ తిరిగి వస్తుంది, ఈ తేలిక వెయిట్లతో అక్కడ ఫుల్ థ్రాటిల్ నొక్కితే ఇంజన్ నేరుగా లిమిటర్‌కి వెళ్ళి కొడుతుంది. గేర్ రిడక్షన్ సంగతి ఆలోచిస్తానన్నాడు, 28 టైర్ల ధర కూడా చూస్తున్నాడు.